'45 ఇయర్స్' సినిమా: కేట్ కోపంలో న్యాయం ఉందా?

వెండితెర:
ఆండ్రూ హేగ్ తీసిన '45 ఇయర్స్' (2015) మళ్లీ చూశాను. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో కేట్, జెఫ్ అనే దంపతులు. శనివారం 45వ పెళ్లిరోజు వేడుక. ఆ వారం మొదట్లోనే ఒక ఉత్తరం వస్తుంది. 1962లో ఆల్ప్స్‌లో ప్రమాదంలో పోయిన జెఫ్ పాత ప్రేయసి కాట్యా శవం మంచులో చెక్కుచెదరకుండా దొరికిందట. అక్కణ్ణుంచి కేట్ మనసు విరుగుతూ వస్తుంది. పెళ్లికి ముందు సంగతికి ఇంత శిక్ష అవసరమా? మీరేమంటారు?

గోదారిగట్టు:
జెఫ్‌ను అనవసరంగా దోషిని చేస్తున్నాం. కాట్యా సంగతి అతను భార్యకు ఎప్పుడో చెప్పాడు. ఇప్పుడు చూస్తే గుండెకి బైపాస్ అయిన ముసలాయన. ఆ ఆపరేషన్ వల్లే 40వ పెళ్లిరోజు వేడుక కూడా మానుకున్నారు. తనకేమో వయసు మీద పడింది, ఆ పిల్ల మాత్రం అప్పటిలాగే ఉండిపోయింది. ఆ ఊహకే ఎవరైనా కదిలిపోతారు. జర్మన్‌లో వచ్చిన ఉత్తరాన్ని కూడబలుక్కుని చదువుకునే మనిషిలో నాకు మోసం కనిపించలేదు, దుఃఖమే కనిపించింది.

రాతిరిబండి:
గోదారిగట్టు గారూ, చెప్పాడు, కాదనను. ఎంత చెప్పాడన్నదే కదా గొడవ! స్విట్జర్లాండ్ నుంచి ఉత్తరం ఇతనికే ఎందుకొచ్చింది? దగ్గరి బంధువుగా నమోదైంది ఇతనే. ఆ రోజుల్లో కాట్యా, అతనూ భార్యాభర్తలమని చెప్పుకుని తిరిగారు. ఆ ముక్క కేట్‌కు ఇన్నేళ్ల తర్వాత తెలిసింది. కాట్యా బతికుంటే పెళ్లాడేవాడివా అని కేట్ అడిగితే, అవునంటాడు. మనం కలవకముందు జరిగినదానికి కోపం తెచ్చుకోవడమేంటని మొదట్లో అన్నది కేటే. అంత సర్దుకుపోయే మనిషి ఆమె.

ఇక అటక సీను చూడండి. జెఫ్ ఇంట్లో లేనప్పుడు నిచ్చెన వేసుకుని పైకెక్కుతుంది. ప్రొజెక్టర్‌లో ఒక్కో స్లైడూ తిప్పుతుంది. ఒకదాంట్లో కాట్యా పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉంటుంది, గర్భవతి. కేట్ ఒక్క మాటా అనదు, మళ్లీ బటన్ నొక్కుతుంది, అంతే. కేట్, జెఫ్‌లకు పిల్లల్లేరు. కలిసి బతికిన ఇంట్లో వాళ్ల ఫొటోలే పెద్దగా కనిపించవు, అటక మీద మాత్రం కాట్యా స్లైడ్లు భద్రంగా ఉన్నాయి. దీన్ని పాత ప్రేమ అని తీసిపారేయలేం. కేట్ జీవితంలో తీసుకున్న నిర్ణయాలన్నిటి వెనకా ఆమెకు తెలియని ఒక కారణం ఉందేమో అన్న అనుమానం ఇది. ఇన్నేళ్ల తర్వాత దాన్ని ఎవరితో తేల్చుకోవాలి?

గోదారిగట్టు:
స్లైడ్ సంగతిలో మీ మాట కాదనలేను. కానీ సినిమా మొత్తం కేట్ కళ్లతోనే చూపించారు, ఒక్క ఫ్లాష్‌బ్యాక్ కూడా లేదు. బిడ్డతో సహా పోగొట్టుకున్నవాడు ఆ మాట నోటితో ఎలా చెప్తాడు? వేడుకలో అతని కన్నీళ్లు నటన అనుకోను. బెర్లిన్ చిత్రోత్సవంలో కేట్‌గా చేసిన షార్లెట్ రాంప్లింగ్‌తో పాటు జెఫ్‌గా చేసిన టామ్ కోర్ట్నీకీ నటనకిచ్చే 'వెండి ఎలుగుబంటి' అవార్డు వచ్చింది. ఆ పాత్రలో అంత బరువుంది కాబట్టే.

రాతిరిబండి:
కన్నీళ్లు నిజమేనండి. కానీ డాన్స్ చివర్లో జెఫ్ పైకెత్తిన చేతిని కేట్ ఎందుకు విదిలించుకుని కిందికి లాగేసుకుంది? ఆ కన్నీళ్లు ఎవరి కోసమో ఆమెకు తెలియట్లేదు. క్షమించమని అడగాలన్నా ముందు మొత్తం చెప్పాలి కదా. ఆ వారమంతా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే మంచం మీద పడుకున్నారు. బిడ్డ సంగతి మాత్రం అతని నోటినుంచి రాలేదు. నేను కేట్ పక్షమే.