హార్డ్ డిస్కుకు లోపలి తాళం: దస్తావేజుల స్కాన్లు ఎట్ల కాపాడుకోవాలె?

ప్రశ్న (నల్లగొండ, దస్తావేజుల పని)

అన్నలకు అక్కలకు నమస్తే. జర పెద్ద సందేహం, ఓపిక చేసి చదవుండ్రి. మా నాయిన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాస్తడు, ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని, నేను డిగ్రీ అయినంక ఆయనకు టైపింగు స్కానింగు చూసుకుంటున్న. సేల్ డీడులు, గిఫ్టు డీడులు, లింకు డాక్యుమెంట్లు, అమ్మేటోళ్ళవి కొనేటోళ్ళవి ఆధార్లు, పాన్లు, సాక్షులవి కూడ, పట్టాదార్ పాస్‌బుక్కులు, ఫోటోలు, వేలిముద్రలు పడ్డ పేజీలు, అన్నీ ఒకటే 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కుల ఉన్నయి. పాస్‌వర్డ్ లేదు, ఏం లేదు, కేబుల్ పెడితే తెరుచుకుంటది.

పోయిన వారం మా ప్రింటర్ ఆగిపోతే ఒక జిరాక్స్ షాపుకు పోయిన. పని అయినంక పార్టీ తొందర పెట్టేసరికి కాగితాలు పట్టుకొని ఉరికిన, డిస్కు ఆడనే సీపీయూకు ఉండిపోయింది. రాత్రి పదింటికి యాదికొచ్చింది, షాపు బంద్. పొద్దుగాల షట్టర్ లేపంగనే పోయి చూస్తే అట్లనే ఉన్నది, నీలం లైటు మిణుకు మిణుకుమంటున్నది, అంటే రాత్రంతా సిస్టమ్ ఆన్‌లనే ఉన్నది. ఎవలన్న కాపీ చేసుకున్నరో లేదో తెల్వదు, తెలుసుకునే దారి కూడ లేదు. నాయినకు చెప్తే ఒక్క మాట అనలే, సగం అన్నం పళ్ళెంలనే వదిలి లేచిండు. నమ్మి ఇచ్చినోళ్ళవి కదా అవన్నీ, ముసలోళ్ళవి, ఒంటరి ఆడోళ్ళవి.

హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కు లోపలి చిప్పే డేటాకు తాళం వేసేది, ఉన్న డిస్కులు వస్తున్నయంట కదా, అవి నిజంగ పనిచేస్తయా, బయట సిస్టముల పెడితే తెరుచుకుంటయా, పాస్‌వర్డ్ మర్చిపోతే ఏమైతది, తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

జవాబు (మహబూబ్‌నగర్, కంప్యూటర్ సర్వీసింగ్)

తమ్మీ, నువ్వు భయపడ్డది సబబే. 2018ల పెద్దపల్లి జిల్లాల ఒకాయన రిజిస్ట్రేషన్ శాఖ సైటు నుంచి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకొని, వాటి మీది వేలిముద్రలతోటి రబ్బరు ముద్రలు తయారు చేసి, వేల సిమ్ములు యాక్టివేట్ చేసి దొరికిండు. నీ డిస్కుల ఉన్నవి సరిగ్గ అసొంటి పేజీలే.

ఇగ అసలు సంగతి. ఈ డిస్కులల్ల డేటాకూ యూఎస్‌బీకీ నడుమ ఒక చిప్పు ఉంటది, రాసేటప్పుడు ప్రతి ముక్కను ఏఈఎస్ అనే పద్ధతిల 256 బిట్ల తాళంతోటి గందరగోళం చేసి రాస్తది, చదివేటప్పుడు మళ్ళ సాపు చేసి ఇస్తది. ఆ తాళంచెవి డిస్కు లోపలనే పుట్టి లోపలనే ఉంటది, కంప్యూటరుకు ఎన్నడూ రాదు. నీ పాస్‌వర్డ్ ఆ తాళంచెవి దాచిన పెట్టెను తెరిచే ఇంకో తాళంచెవి అన్నట్టు. అందుకే పాస్‌వర్డ్ మారిస్తే 1 టీబీ మళ్ళ మొత్తం రాయాల్సిన పని లేదు, క్షణంల అయిపోతది. డిస్కు విప్పి లోపలి ప్లేట్లు తీసి వేరే దాంట్ల పెట్టినా చెత్త తప్ప ఏం కనపడదు.

రెండు రకాలున్నయి. ఒకటి కంప్యూటర్ల పాస్‌వర్డ్ కొట్టేది, వెస్ట్రన్ డిజిటల్ మై పాస్‌పోర్ట్, శాంసంగ్ టీ7 అసొంటివి. తాళం ఉన్నప్పుడు పెడితే చిన్న సీడీ లెక్క ఒకటి కనపడ్తది, దాంట్ల అన్‌లాక్ సాఫ్ట్‌వేర్ ఉంటది, అది నడిపి పాస్‌వర్డ్ కొడితే అసలు డిస్కు వస్తది. ఇంకోటి మీదనే అంకెల బటన్లు ఉన్నది, అప్రికార్న్ ఏజిస్ ప్యాడ్‌లాక్, ఐస్టోరేజ్ డిస్క్‌అషుర్ అసొంటివి, కింగ్‌స్టన్ ఐరన్‌కీ వాల్ట్ ప్రైవసీ 80కి అయితే టచ్ స్క్రీనే ఉంటది. పిన్ డిస్కు మీదనే కొడ్తవు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విండోస్ అయినా లినక్స్ అయినా మామూలు డిస్కు లెక్కనే కనపడ్తది. కేబుల్ పీకంగనే మళ్ళ తాళం పడ్తది.

బయట సిస్టముల వాడేటోనికి నేనైతే రెండోదే చెప్త. జిరాక్స్ షాపు సిస్టముల కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరం రాసిపెట్టుకునే వైరస్ ఉంటే నీ పాస్‌వర్డ్ ఆడనే పోతది. బటన్ల మీద కొట్టిన పిన్ను ఆ కంప్యూటరుకు తెల్వనే తెల్వది. కాకపోతే రేటు మామూలు డిస్కుకు ఎన్నో రెట్లు ఉంటది, మన దిక్కు దొరుకుడు కష్టం, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల అడగాలె లేకుంటే ఆన్‌లైన్ల తెప్పించుకోవాలె. ఇంకోటి, తిరిగే డిస్కు అయితే సీపీయూ ముందటి పోర్టుకు కరెంటు సాలక టిక్ టిక్ అంటది, ఎనక పోర్టుకు పెట్టు.

జవాబు (సూర్యాపేట, ఇప్పుడు హైదరాబాద్‌ల సిస్టమ్ అడ్మిన్)

అన్న చెప్పింది కరెక్టే గానీ డబ్బా మీద 256 బిట్ అని రాసి ఉంటే చాలు అనుకోవద్దు. తాళం గట్టిదే ఉండొచ్చు, తలుపుకు బిగించిన తీరు ఖరాబు ఉంటే ఏం లాభం. 2015ల కొందరు పరిశోధకులు మై పాస్‌పోర్ట్ పాత మోడళ్ళ చిప్పులు చదివి చూస్తే కొన్నిట్ల తాళంచెవి తయారయ్యే పద్ధతే బలహీనంగ ఉన్నది, కొన్నిట్ల పాస్‌వర్డ్ లేకుండనే లోపలికి పోవచ్చని తేలింది. 2018ల నెదర్లాండ్స్‌ల రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్ళు క్రూషియల్, శాంసంగ్ ఎస్ఎస్‌డీలు (తిరిగే ప్లేట్లు లేని చిప్పుల డిస్కులు) కొన్ని పరీక్ష చేసిన్రు, పోర్టబుల్ టీ3, టీ5 కూడ ఉన్నయి దాంట్ల. కొన్నిట్లనైతే నువ్వు పెట్టిన పాస్‌వర్డుకూ డేటా తాళంచెవికీ లంకెనే లేదు. అప్పటిదాక విండోస్‌ల ఉండే డిస్కు తాళం సాఫ్ట్‌వేర్ బిట్‌లాకర్ కూడ డిస్కు చిప్పును నమ్మి తన పని తాను చేయకుండ ఊకునేది, తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మార్చింది. 2022ల వెర్బేటిమ్ కీప్యాడ్ డ్రైవుల సంగతి బయటపడ్డది, 20 సార్లు తప్పు పిన్ కొడితే లాక్ అయితది అని రాసుకున్నరు, టెస్టుల అట్ల కాలే.

అందుకే కొనేటప్పుడు అమెరికా ప్రభుత్వ భద్రతా ప్రమాణం ఫిప్స్ 140-2 గానీ 140-3 గానీ సర్టిఫికెట్ ఉందా చూడు, అది అమెరికా నిస్ట్ సంస్థ లిస్టుల మోడల్ పేరుతోటి వెతికి చూసుకోవచ్చు. ఉట్టి ఫిప్స్ 197 అంటే ఏఈఎస్ లెక్క సరిగ్గ చేస్తుందనే, డిస్కు మొత్తాన్ని పరీక్ష చేసినట్టు కాదు. కంపెనీ సైటుల ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే డేటా ఎక్కించక ముందే వేసుకో.

కొత్తది కొనేదాక ఆగకు తమ్మీ, ఇయ్యాల్నే ఏమన్న చెయ్యి. నీ దగ్గర విండోస్ ప్రో ఉంటే ఉన్న డిస్కుకే బిట్‌లాకర్ పెట్టొచ్చు. హోమ్ అయితే పెట్టరాదు, పెట్టినదాన్ని పాస్‌వర్డ్ కొట్టి తెరవొచ్చు అంతే. పెట్టేటప్పుడు డిస్కు మొత్తం అనేదే ఎంచుకో, వాడిన జాగ వరకే అంటే నువ్వు ఎప్పుడో డిలీట్ చేసిన ఫైళ్ళు తాళం బయటనే ఉండిపోతయి. 48 అంకెల రికవరీ కీ ఇస్తది, అది ప్రింటు తీసి పెట్టు, అదే డిస్కుల సేవ్ చేస్తే పనికిరాదు. వెరాక్రిప్ట్ అనే తాళం సాఫ్ట్‌వేర్ ఫ్రీగ వస్తది, మంచిది, కానీ వేరేటోళ్ళ సిస్టముల అడ్మిన్ పర్మిషన్ లేకుంటే నడవదు, నీ జిరాక్స్ షాపు పనికి రాదు.

జవాబు (మిర్యాలగూడ, రైస్ మిల్లుల అకౌంట్లు)

పాస్‌వర్డ్ మర్చిపోతే ఏమైతది అని అడిగినవు కదా తమ్ముడూ, ఆ సంగతి నాకు తెలుసు. బటన్ల డిస్కు నేనే ముచ్చటపడి కొన్న, 2 టీబీ. పిన్ నాకు, నా దగ్గర పనిచేసే పిల్లకు ఇద్దరికే తెలుసు. మధ్యల నేను పిన్ మార్చిన, మార్చినది ఎక్కడా రాసుకోలే. మా అత్తమ్మ దవాఖానల ఉండి పదిహేను రోజులు ఆఫీసు మొకం చూడలే, తిరిగొచ్చి కూసుంటే పిన్ గుర్తుకు రాలే. వేళ్ళకు గుర్తుంటదేమో అని కొట్టుకుంట పోయిన, ఎర్ర లైటు, మళ్ళ ఎర్ర లైటు. పదోసారికి డిస్కు ఖాళీ అయింది. ఆగిపోయుంటే బాగుండు, నాలుగోసారికే లేచి మంచినీళ్ళు తాగి ఉంటే ఏమన్న గుర్తొచ్చేదేమో. రెండేండ్ల బిల్లులు, కాంటా చీటీల స్కాన్లు, మళ్ళ మిల్లు మిల్లు తిరిగి అడుక్కొని తెచ్చుకున్న.

కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళు చేసేది ఏం ఉండదు, చెయ్యగలిగితే దాన్ని తాళం అననే అనరు. కొన్నిట్ల 10 సార్లు, కొన్నిట్ల 15, కొన్నిట్ల 20, ఆ లెక్క దాటితే లోపలి తాళంచెవి చెరిగిపోతది. మై పాస్‌పోర్టుల అయితే ఐదు తప్పులకు తీసి మళ్ళ పెట్టమంటది, అయినా పాస్‌వర్డ్ రాకుంటే మొత్తం చెరిపి కొత్తగ వాడుకోవుడే. 2021ల పేపర్ల వచ్చింది, అమెరికాల ఒక ప్రోగ్రామరు 7,002 బిట్‌కాయిన్ల పాస్‌వర్డు ఐరన్‌కీ పెన్‌డ్రైవ్‌ల దాచి, 10 ఛాన్సులల్ల 8 వాడేసి అట్లనే కూసున్నడు. అంత డబ్బు పెట్టుకున్నోనికే అట్లయింది.

ఇప్పుడు నేను చేసేది చెప్త. తాళం ఉన్న డిస్కులే రెండు, రెండిట్ల ఒకటే డేటా, ఒకటి ఆఫీసుల, ఒకటి మా అమ్మగారింట్ల. పిన్ కాగితం మీద రాసి కవర్ల పెట్టి అతికి బ్యాంకు లాకర్ల బంగారం పక్కన పెట్టిన. పిన్ మార్చిన రోజే కవరు మారుస్త.

ప్రశ్న వేసినవారు (నల్లగొండ)

అక్కా మీరు చెప్పింది చదివి నాయినకు కూడ వినిపించిన. మాకు ఒక్క బటన్ల డిస్కే భారం, రెండు కొనలేము. పాత డిస్కుల డేటా 300 జీబీ దాక ఉంటది. నడిమధ్య దారి ఏమన్న ఉన్నదా? పాత డిస్కు డిలీట్ చేసి అమ్మేస్తే కొన్ని పైసలు వస్తయని కూడ అనుకుంటున్న.

జవాబు (మహబూబ్‌నగర్, కంప్యూటర్ సర్వీసింగ్)

అమ్మకు తమ్మీ. డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా ఫైలు పోదు, పేరే పోతది, ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టి అరగంటల నేనే బయటకి తీస్త, రోజు చేసే పని అది. కొత్త దాంట్లకు ఎక్కించి, నాలుగు ఫైళ్ళు తెరిచి చూసుకున్నంక, పాతదానికి క్విక్ అనే టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ కొట్టు, అప్పుడు మొత్తం సున్నాలు రాస్తది. తిరిగే డిస్కుకు అది చాలు, ఎస్ఎస్‌డీకి మాత్రం ఆ పద్ధతి నమ్మొద్దు.

నడిమధ్య దారి ఉన్నది. జిరాక్స్ షాపుకు ఇన్నేండ్ల దస్తావేజులన్నీ ఎందుకు మోసుకుపోవుడు? బటన్లు ఉన్న పెన్‌డ్రైవ్ వస్తది, ఐరన్‌కీ కీప్యాడ్ 200 అసొంటిది, చిన్న సైజుది ఒకటి కొను. లోపల చిన్న బ్యాటరీ ఉంటది, పిన్ కొట్టి తర్వాత పెట్టాలె. ఆ పూట ప్రింటు కావాల్సిన పీడీఎఫ్ ఒక్కటే దాంట్ల వెయ్యి. రీడ్ ఓన్లీ మోడ్ (చదువుడే తప్ప రాయరాని పద్ధతి) పెడితే వాళ్ళ సిస్టమ్ వైరస్ కూడ దాంట్లకు ఎక్కది. అసలు డేటా మై పాస్‌పోర్ట్ అసొంటి దాంట్ల పాస్‌వర్డ్ పెట్టి ఇంట్లనే ఉంచు, అది మీ సిస్టముకే పెడ్తవు కాబట్టి కీబోర్డు భయం తక్కువ. రెండో కాపీకి పాత డిస్కే వాడుకో, ఫుల్ ఫార్మాట్ అయినంక బిట్‌లాకరో వెరాక్రిప్టో వేసి. ఒకటి చిప్పు తాళం, ఒకటి సాఫ్ట్‌వేర్ తాళం, ఒకదాంట్ల లోపం బయటపడితే ఇంకోదాంట్లకు డేటా మార్చుకుంటవు. సర్వీసింగ్ చేసేటోనిగ ఇంకోటి చెప్త, ఈ డిస్కుల బోర్డు కాలిపోతే మామూలు డిస్కు లెక్క వేరే కేసుల పెట్టి చదవరాదు, మా దగ్గరికి తెచ్చినా చేతులెత్తేస్తం. అందుకే రెండో కాపీ మస్ట్.

ఈ కంప్యూటర్ల పాస్‌వర్డ్ అడగొద్దు అనే ఆప్షన్ వస్తది, బయట సిస్టముల దాన్ని ముట్టకు. డిస్కు తెరిచి ఉన్నంతసేపు తాళం లేనట్టే లెక్క, వైరస్ వస్తే అదీ చదువుతది, ఫైళ్ళు ఖరాబు కూడ చేస్తది. పని కాంగనే ఎజెక్ట్ కొట్టి తియ్యి.

డిస్కుల కంటె పెద్ద చిల్లు ఇంకోటున్నది. మొన్న ఒక షాపుకు సిస్టమ్ రిపేరుకు పోయిన, డౌన్‌లోడ్స్ తెరిస్తే వాట్సాప్ వెబ్ నుంచి ప్రింటు కోసం దించిన ఆధార్లు, పాస్‌బుక్కులు, పెండ్లి సర్టిఫికెట్లు, నెలల తరబడివి. ఎవ్వలూ చెరపలే, షాపాయనకూ సోయి లేదు. ప్రింటు అయినంక ఆడ నిలబడే డిలీట్ చేయించు, రీసైకిల్ బిన్ కూడ ఖాళీ చేయించు, వాట్సాప్ లాగౌట్ చెయ్యి.

జవాబు (సూర్యాపేట, సిస్టమ్ అడ్మిన్)

ఆ రాత్రి సంగతి గురించి ఒక మాట. పాతదానికి తాళం వేస్తే పోయిన రాత్రి వెనక్కి రాదు, కాబట్టి ఈమధ్య కాలంల వచ్చిన పార్టీలకు ఫోన్ చేసి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమని చెప్పుండ్రి, ఆధార్ సంస్థ యూఐడీఏఐ యాప్‌ల ఉంటది, ఫ్రీ. లాక్ చేస్తే వేలిముద్ర కాపీ చేసినా పనిచేయదు, అవసరం పడ్డప్పుడు తెరుచుకోవచ్చు. రేషన్ షాపుల వేలు పెట్టేటోళ్ళకు మాత్రం ముందుగాల తెరవాలె అని గుర్తు చెయ్యి, లేకుంటే బియ్యం కాడ తిప్పలు పడ్తరు. ఎవరికన్న అకౌంటుల పైసలు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమను.

ప్రశ్న వేసినవారు (నల్లగొండ)

అందరికీ దండాలు. మై పాస్‌పోర్ట్ తెచ్చిన, పాస్‌వర్డ్ పెట్టి డేటా మొత్తం ఎక్కించి నాలుగు కాదు నలభై ఫైళ్ళు తెరిచి చూసిన. పాస్‌వర్డ్ నాయిన తన చేతితోటే స్టాంపు పేపర్ల సంచిల ఉండే పాత కవర్ల రాసి పెట్టిండు, రేపు మేనత్త ఇంట్ల ఇంకో కవరు ఇచ్చొస్తడంట. పార్టీలకు ఫోన్లు నాయిననే చేస్తుండు, ఇయ్యాల పదకొండు మందికి చేసిండు, తప్పు మాదే అని ముందుగాల చెప్పి తర్వాత సంగతి చెప్తుండు. ఒక్కలు కూడ తిట్టలే.

పాత డిస్కుకు ఫుల్ ఫార్మాట్ పెట్టి మూడు గంటలైంది, పచ్చ గీత ఇంకా సగం కూడ దాటలే. మామూలేనా అన్నా, ఏమన్న తప్పు చేసిన్నా?

జవాబు (మహబూబ్‌నగర్, కంప్యూటర్ సర్వీసింగ్)

మామూలే తమ్మీ. 1 టీబీ మొత్తం రాయాలె కదా, యూఎస్‌బీ పాతదైతే ఇంకా లేట్ అయితది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచు, స్లీప్ పోకుండ సెట్టింగ్ మార్చు, కేబుల్ కదపకుండ పండుకో, పొద్దుగాల చూడు.