సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: తప్పు పంపుదా, బ్యాటరీదా?

అడిగినవారు: పొద్దుటిబండి
బీఎస్‌6, 150 సీసీ ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి. రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. తాళం మూడు నాలుగుసార్లు ఆన్-ఆఫ్ చేస్తే ఒక్క దెబ్బకు అందుకుంటుంది. పగలు ఇబ్బందే లేదు. షెడ్డులో ట్యాంకులోని ఫ్యూయల్ పంపు మార్చమంటున్నారు. మార్చాలా?

మీటర్‌వాలా
పంపు జోలికి ఇప్పుడే పోవద్దు. మల్టీమీటరు బ్యాటరీకి పెట్టండి. ఊరికే ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన ఉండాలి, సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కిందికి పడకూడదు. అంతకన్నా బాగా పడితే సెల్ఫ్ మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఈసీయూ (ఇంజిన్ నడిపే కంప్యూటర్) మాత్రం రీసెట్ అయిపోయి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ని తెరవదు.

పంపుసెట్టు
అన్నా, ప్రశ్న మళ్లీ చదవండి. తాళం తిప్పేకొద్దీ బ్యాటరీ దిగుతుందే తప్ప కోలుకోదు కదా. తాళం ఆన్ చేసినప్పుడల్లా పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మంటుంది, లైన్లో సుమారు 3 బార్ ప్రెషర్ నింపడానికే ఆ రొద. రాత్రికి ఆ ప్రెషర్ జారిపోతోంది. రుజువు కావాలంటే రేపు సెల్ఫ్ ముట్టుకోకుండా తాళం నాలుగుసార్లు వేయండి, ప్రతిసారీ పంపు ఆగేదాకా ఆగండి. తర్వాత మొదటి సెల్ఫ్‌కే అందుకుంటే బ్యాటరీ నిర్దోషి.

మీటర్‌వాలా
పంపు చప్పుడు బాగానే వస్తోందిగా?

పంపుసెట్టు
చప్పుడు మోటారు తిరుగుతోందని చెబుతుంది, ప్రెషర్ సంగతి చెప్పదు.

పదహారోపానా
ఇద్దరూ ప్లగ్ మర్చిపోయారు. పొద్దున తాళం ఒక్కసారే వేసి అయిదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి, అందుకోకపోతే ప్లగ్ విప్పండి. తడిసి పెట్రోలు వాసన కొడితే ఇంజెక్టర్ కారుతోందని అనుమానించాలి. అలాంటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తిప్పి సెల్ఫ్ కొడితే చాలా బండ్లు నల్లపొగతో అందుకుంటాయి. పంపు కొంటే డబ్బు దండగ. ప్లగ్ పొడిగా ఉంటే మాత్రం పంపులోని చెక్ వాల్వ్ (పెట్రోలు వెనక్కి పోకుండా ఆపేది) నుంచో, ప్రెషర్ రెగ్యులేటర్ నుంచో పెట్రోలు ట్యాంకులోకే వెనక్కి పోతోంది. లీకు వెతకడానికి నైలాన్ హోస్‌ని కటింగ్ ప్లేయర్‌తో మాత్రం నొక్కొద్దు, చీలుతుంది.

మీటర్‌వాలా
సరే, ఈ లక్షణానికి బ్యాటరీ వాదన నిలవదు. కానీ చెక్ వాల్వ్ కోసం పంపు మొత్తం కొనాలా?

పదహారోపానా
చాలా బండ్లకు విడిగా దొరకదు, అసెంబ్లీయే గతి. విప్పితే ట్యాంకు దగ్గర ఓ-రింగ్ కొత్తది వేయించండి. పాతది పెట్రోలుకి ఉబ్బి ఉంటుంది, మళ్లీ గాడిలో కూర్చోదు.