గాలివాన వెలిశాక ముందు తెరవాల్సింది పెద్ద రోడ్డా, సందా?

సీతమ్మధార మాస్టారు

మా అమ్మాయి అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఓ ఊళ్ళో ఉంటుంది. మొన్న అక్కడ మంచు తుపాను పట్టింది. గాలి ఆగిన రెండో రోజు వీడియో కాల్‌లో కిటికీ తెర తీసి చూపించింది. కారు కనపడలేదు. కారుండాల్సిన చోట తెల్లటి దిబ్బ, అందులోంచి పైకి లేపి ఉంచిన వైపరు కొస ఒక్కటే బయటికి ఉంది. "నాన్నా, పెద్ద రోడ్డు నిన్ననే తీసేశారు, బస్సులు కూడా తిరుగుతున్నాయి. మా వీధికి మంచు తోసే బండి ఎప్పుడొస్తుందో తెలీదు" అంది. ఇంట్లో ఏడు నెలల పసివాడు, పాలడబ్బా అడుగంటింది. అల్లుడు మోకాలు దాటిన మంచులో పెద్ద రోడ్డు దాకా నడిచి వెళ్ళి తెచ్చాడు.

నాకు 2014 అక్టోబరు 12 కళ్ళ ముందుకొచ్చింది. ఆదివారం. హుద్‌హుద్ తుపాను కన్ను మన విశాఖ మీదకొచ్చినప్పుడు గాలి కాసేపు పూర్తిగా నిలిచిపోయింది. అయిపోయిందనుకుని గుమ్మంలోకి వచ్చాం. అంతలో రెండో వైపు నుంచి మళ్ళీ అందుకుంది. మర్నాడు చూస్తే మా సందు మొదట్లో ఉన్న నిద్రగన్నేరు వేళ్ళతో సహా అడ్డంగా పడి ఉంది. హైవే మీద లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంది, మా సందు మాత్రం తొమ్మిదో రోజుకి గానీ తెరుచుకోలేదు. మా అమ్మకి అప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పట్టుకుని ఆ మాను మీంచి దాటించాం. ఆవిడ చెప్పు జారి కొమ్మల్లో పడింది. తీయబోతే "చెప్పు పోతే పోయింది, నన్ను పడేయకండి నాయనా" అంది.

అందుకే అడుగుతున్నాను. రోడ్డు వెడల్పును బట్టి వరస కట్టడం న్యాయమేనా? ఏ ఇంట్లో ఎవరున్నారో చూసి కట్టాలంటాను నేను. డయాలసిస్ మనిషి, నెలలు నిండిన గర్భిణి, ఆక్సిజన్ మీద ఉన్న ముసలాయన ఉన్న సందు, అడుగు వెడల్పున్నా సరే, జగదాంబ సెంటరుతో పాటే తెరవాలి.

ఎంవీపీ కాలనీ

మాస్టారూ, అమ్మగారిని అలా దాటించారంటే చదవడానికే కష్టంగా ఉంది. అయినా మీ మాటకి ఒప్పుకోలేను.

పంట కాలవ పూడిపోతే ముందు కాలవ తీస్తారు, బోదెలు తర్వాత. బోదె ఎంత శుభ్రంగా ఉన్నా కాలవలో నీళ్ళు రాకపోతే ఏం పారుతుంది? మీరు అమ్మగారిని మాను దాటించాక ఏదో ఒక బండి ఎక్కించారు కదా. ఆ బండి వచ్చింది పెద్ద రోడ్డు తెరిచి ఉండబట్టే. ఆ వారం స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాలు, డీజిలు అన్నీ బయటి జిల్లాల నుంచి రావాల్సి వచ్చింది. విమానాశ్రయం 17వ తేదీ దాకా తెరుచుకోలేదు. అలాంటప్పుడు ఉన్న పది జేసీబీలనీ నూరు సందులకి పంచితే ఏ సందూ తెరుచుకోదు, హైవే కూడా పోతుంది.

కంచరపాలెం

మేం ఎవల్నీ అడగలేదండి. తెల్లారగట్లే గొడ్డలి, రంపం, కత్తి, ఎవలింట్లో ఏటుంటే అది ఒట్టుకొచ్చేం. ఆడోల్లు రెమ్మలు ఈడ్చి పక్కనేసేరు. మధ్యాన్నానికల్లా ఆటో పట్టే దారి చేసేం. గేసు దొరకనోల్లు నాలుగు రోజులు ఆ పచ్చి కట్టెల మీదే వొండుకున్నారు. పొగకి కళ్ళు మండిపోయినా గంజి దిగింది. పెద్ద రోడ్డు ముందా సందు ముందా అని తేల్చుకునే లోపల పనైపోద్ది కదా. ఎవల సందు ఆలే తీసుకోవాలి.

రిటైర్డ్ లైన్‌మన్, గోపాలపట్నం

కంచరపాలెం తమ్ముడూ, మీ అందరికీ ఏమీ కాలేదు కాబట్టి సంతోషం. కానీ ఇది చదివి రేపు ఇంకో సందులో కుర్రాళ్ళు గొడ్డలి తీస్తారు. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పడిన చెట్టు కింద వైరు ఉందో లేదో పై నుంచి తెలీదు, ఆకుల్లో పూర్తిగా కలిసిపోతుంది. ఊరంతా కరెంటు లేదు కదా అనుకుంటారు. ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, చచ్చే ఉంటుంది, నిజమే. కానీ పక్క వీధిలో ఎవరో జనరేటరు పెట్టి, మెయిన్ స్విచ్ దించకుండా ఇంటి వైరింగుకి తగిలిస్తారు. ఆ కరెంటు సర్వీసు వైరులోంచి వెనక్కి స్తంభానికి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తిరగబడితే 230 వోల్టులు కాస్తా 11 వేలవుతాయి. నాకు బాగా తెలిసిన కుర్రాడికి ఇలాంటి వైరే తగిలింది. చచ్చిన లైనన్నారని పట్టుకున్నాడు. బతికాడు, కానీ కుడి చేతికి ఇప్పుడు మూడు వేళ్ళే.

ఇంక మాను సంగతి. వేళ్ళతో లేచిన చెట్టు మొదట్లో మట్టిపెళ్ళ గోడలా నిలబడి ఉంటుంది. దాన్ని వంచి పట్టుకుని ఉంచేది మాను బరువే. మాను కోసేయగానే ఆ పెళ్ళ మొత్తం తిరిగి గోతిలోకి కూర్చుంటుంది. గోతిలో పిల్లలు ఆడుకుంటుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మాను కింద నొక్కుకుని వంగి ఉన్న కొమ్మ కూడా విల్లులాంటిదే. తప్పు వైపు కోత పెడితే చటుక్కున లేచి దవడ పగలగొడుతుంది.

మరి మా వాళ్ళెందుకు ఆలస్యం చేశారని అడగండి, అదీ చెప్తాను. చెట్లు కోసే వాళ్ళు "లైన్ క్లియర్ (వైర్లలో కరెంటు లేదన్న మాట) ఇవ్వందే మిషన్ పెట్టం" అంటారు. లైను వాళ్ళు "చెట్టు తీయందే వైరు ఎక్కడ తెగిందో చూడలేం, క్లియర్ ఎలా ఇస్తాం" అంటారు. ఇద్దరి మాటా సబబే. ఇద్దరూ వేర్వేరు బళ్ళల్లో వేర్వేరు చీటీలు పట్టుకుని తిరుగుతుంటే ఒకే సందుకి మూడుసార్లు వచ్చి మూడుసార్లూ వెనక్కి పోవాల్సి వస్తుంది. మాస్టారి తొమ్మిది రోజుల్లో ఎన్ని ఇలా పోయాయో. నా మటుకు పెద్దదా చిన్నదా అన్నది రెండో ప్రశ్న. ఒక లైన్‌మన్, ఒక రంపం మనిషి, ఒక జేసీబీ ఒకే బృందంగా కదలాలి, అది మొదటిది. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఊళ్ళో కొన్ని చోట్ల తీగల్ని భూమిలోకి దించారు. అక్కడ ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. స్తంభాలున్న సందుల్లో మాత్రం ఇప్పటికీ అదే పరిస్థితి.

గాజువాకలో పుట్టి, మంచులో ఉంటున్న

మాస్టారి అమ్మాయి చెప్పింది ఇక్కడ ప్రతి చలికాలం చూస్తాను. మూడు వరసలుంటాయి: ఆస్పత్రులు, ఫైర్ స్టేషన్ల మీదుగా పోయే పెద్ద రోడ్లు, తర్వాత బస్సులు తిరిగేవి, చివరికి ఇళ్ళ వీధులు. మంచు ఆగకుండా కురుస్తుంటే తీసిన పెద్ద రోడ్డే మళ్ళీ మళ్ళీ తీయాలి. బండి మన వీధి వైపు తిరగనే తిరగదు. తీరా తిరిగాక దాని బ్లేడు మంచుని పక్కకి తోసి మన ఇంటి గేటు ముందే గట్టు కట్టిపోతుంది. రాత్రికి అది గడ్డకట్టి రాయవుతుంది. పొద్దున్న గునపం కావాలి. ఉప్పు చల్లితే కరుగుతుందనుకుంటారు గానీ మైనస్ 9 డిగ్రీల కిందికి పోయాక మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు.

మీ వాదనకి పనికొచ్చేవి రెండు చెప్తాను. చాలా ఊళ్ళల్లో ఇంటి ముందు కాలిబాట ఇంటివాళ్ళే ఇన్ని గంటల్లోపు తీయాలని రూలుంది, లేకపోతే జరిమానా. ఫైరింజన్లు నీళ్ళు పట్టుకునే ఫైర్ హైడ్రంట్ దగ్గరుండే ఇంటివాళ్ళు దాని చుట్టూ కూడా తవ్వి పెడతారు. నడిరోడ్డు మాత్రం బండిదే. అంటే జనం చేసే పని వేరు, యంత్రం చేసే పని వేరు. ఆ గీత ముందే గీసి ఉంటుంది. కాలిబాట పని కూడా అంత తేలికేం కాదు. తడి మంచు ఎత్తుతూ గుండెపోటుతో పోయే వాళ్ళు ఏటా ఉంటారు.

రెండోది, ఆగిపోయిన బళ్ళు. 2022 డిసెంబరులో అమెరికాలోని బఫెలో నగరంలో నాలుగడుగులకి పైగా కురిసింది. 23వ తేదీ పొద్దున్న ప్రయాణాలు నిషేధించే సరికే చాలామంది ఇళ్ళల్లోంచి బయల్దేరిపోయారు. ఆ కార్లన్నీ నడిరోడ్డులో కూరుకుపోయాయి. వాటిని లాగితే గానీ మంచు తోసే బండి కదల్లేదు. అంబులెన్సులూ చిక్కుకుపోయాయి. ఎంతో మంది చనిపోయారు. అందుకే ఇక్కడ చాలా వీధుల్లో ఒక రోజు ఈ పక్క, ఒక రోజు ఆ పక్క బళ్ళు పెట్టమంటారు. గాజువాకలో మా సందు తలుచుకుంటే రెండు వైపులా బైకులు, మధ్యలో తోపుడు బండి. చెట్టు పడకపోయినా జేసీబీ పట్టదు.

సిస్టర్, పాతపోస్టాఫీసు దగ్గర

నేను ఆస్పత్రిలో పనిచేస్తాను. హుద్‌హుద్ వారం మా వార్డుకి వచ్చిన వాళ్ళల్లో కారు ప్రమాదాలు తక్కువ. కొమ్మలు దాటుతూ పడిన వాళ్ళు, రేకు గీసుకున్న వాళ్ళు, బిందెతో నీళ్ళ ట్యాంకరు దాకా నడుస్తూ కాలు బెణికిన వాళ్ళే ఎక్కువ. అందులో ఆడవాళ్ళే జాస్తి. వాళ్ళంతా సందుల్లో నడిచే వాళ్ళు.

స్వీడన్‌లో కార్ల్‌స్కోగా అనే చిన్న ఊరు ఈ సంగతే ఆలోచించింది. పెద్ద రోడ్లు ముందు తీస్తే కార్ల వాళ్ళకే మేలని, నడిచే వాళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కువని గమనించి కాలిబాటలు, పిల్లల బడుల దారులు ముందు తీయడం మొదలుపెట్టారు. కాస్త మంచులో కారు ఎలాగో పోతుంది, పిల్లని తోపుడు బండిలో పెట్టుకున్న తల్లి పోలేదు. మాస్టారు అన్నదీ ఇదే కదా?

ఎంవీపీ కాలనీ

సిస్టర్ గారూ, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కూడా ఆ పద్ధతే పెట్టారు. 2016 నవంబరులో మంచు విరుచుకుపడితే బస్సులు ఆగిపోయి ఊరు స్తంభించింది, జనం దుమ్మెత్తిపోశారు. మామూలు రోజుల మంచుకి మీ వరస బాగుంటుంది, ప్రళయం వచ్చిన రోజున కాదు.

సిస్టర్, పాతపోస్టాఫీసు దగ్గర

ఆ రోజు అక్కడ పడిన మంచుకి ఏ వరసైనా తట్టుకునేది కాదన్న వాళ్ళూ ఉన్నారండి. మీ వరస సంగతీ చూడండి. 1969 ఫిబ్రవరిలో న్యూయార్కులో పడింది 15 అంగుళాలే. నగరం నడిబొడ్డు మన్‌హాటన్ తెరుచుకున్నా, అదే నగరంలో మరో భాగమైన క్వీన్స్ వీధులు రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. ఆ తుపానులో పోయిన 42 మందిలో దాదాపు సగం క్వీన్స్ వాళ్ళే. మేయర్ లిండ్సే అక్కడికి వెళ్తే జనం మొహాన్నే తిట్టారు. పెద్ద రోడ్డు ముందు అన్న మాట ఎప్పుడూ పెద్దవాళ్ళ రోడ్డు ముందు అన్నట్టే ముగుస్తుంది, నా భయం అదే. చేపలు పట్టే వాళ్ళుండే జాలారిపేటలో లోపలి సందులకి వెడల్పు లేదు. ఆ లెక్కన వాళ్ళెప్పుడూ చివరే.

ఎంవీపీ కాలనీ

జాలారిపేట మాట నిజం. ఒప్పుకుంటున్నాను. పెద్ద రోడ్డు మీద ఒక వరస, అంటే ఒక లేను, తెరిచారనుకోండి, అంబులెన్సు పట్టేంత. మిగతా మూడు వరసలూ పూర్తిగా ఊడ్చే దాకా జేసీబీలన్నీ అక్కడే ఉండక్కర్లేదు. ఆ రోజుల్లో బీచ్ రోడ్డు డివైడరు మీద కొమ్మలు కూడా ఎత్తుతుంటే నేనే చూశాను, ఇటు మద్దిలపాలెం లోపలి సందులు మూసే ఉన్నాయి. ఒక వరస తెరిచాక సగం యంత్రాలు లోపలికి మళ్ళించాలి. అంతవరకు మీతో వస్తాను. పేషెంట్ల జాబితా ముందు, రోడ్డు తర్వాత అంటే మాత్రం రాను.

కంచరపాలెం

లైన్‌మన్ గారూ, జనరేటరు సంగతి మాకు తెలీదండి. మా సందులో అప్పుడు రెండున్నాయి. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది. మరి మేం ఏటి చెయ్యొచ్చు, ఏటి చెయ్యకూడదు చెప్పండి.

రిటైర్డ్ లైన్‌మన్, గోపాలపట్నం

తమ్ముడూ, మణికట్టు లావు లోపు రెమ్మలు, అదీ వైరు ఏ వైపూ లేదని కళ్ళారా చూశాకే. బళ్ళన్నీ సందు బయట పెట్టించండి. జనరేటరున్న ఇంటికి వెళ్ళి మెయిన్ దించారా అని ఒకరు అడగండి. తెగిన వైరు కనిపిస్తే నలుగురు నాలుగు వైపులా నిలబడి ఎవర్నీ రానీయకండి, అది పెద్ద పనే. మాను జోలికి, వేళ్ళ జోలికి వెళ్ళకండి.

సీతమ్మధార మాస్టారు

ఎంవీపీ గారూ, ఒక వరస తెరిచి సగం యంత్రాలు లోపలికి అన్నారు, నాకు అది చాలు. కాకపోతే లోపలికి వచ్చిన ఆ సగం ఎటు తిరగాలో చెప్పడానికైనా జాబితా ఉండాలి, గాలి వీస్తుండగా రాసేది కాదు. మా సందులో ముప్ఫై నాలుగు ఇళ్ళు. నిన్న సాయంత్రం తిరిగాను. డయాలసిస్ వాళ్ళిద్దరు, ఆక్సిజన్ ఒకరు, నెలలు నిండుతున్న అమ్మాయి ఒకతె, జనరేటర్లు ఐదు. ఐదింటిలో మెయిన్ దించాలని తెలిసింది ఒక్క ఇంటికే. సోమవారం ఈ కాగితం వార్డు సచివాలయంలో ఇస్తాను. లైన్‌మన్ గారూ, ఆదివారం ఒకసారి మా సందుకి రాగలరా? మిగతా నాలుగిళ్ళ వాళ్ళకి మీరు చెప్తే వింటారు.

రిటైర్డ్ లైన్‌మన్, గోపాలపట్నం

వస్తాను మాస్టారూ, పొద్దున్న తొమ్మిదికి. ఆ నిద్రగన్నేరు పడిన చోట మళ్ళీ ఏ చెట్టు వేశారో, దాని మీంచి సర్వీసు వైర్లు ఎన్ని పోతున్నాయో ఫొటో తీసి ఉంచండి.