పాత అమెరికా వంటకాల్లో "ఓలియో": వెన్నా, డాల్డానా?

ప్రశ్న: 1940ల నాటి అమెరికన్ కేకు వంటకం ఒకటి తెలుగు చేస్తున్నాను. "ఒక స్టిక్ ఓలియో" అని ఉంది. నిఘంటువు చూస్తే కదంబం, కలగలుపు అంటోంది. వెన్న అని రాసేయనా?

జవాబు: వద్దండీ. మీకు నిఘంటువులో దొరికింది వేరే మాట. మన లిపిలో రెండూ ఒకేలా పడతాయి, ఇంగ్లీషు స్పెల్లింగులో మాత్రం మధ్య అచ్చు వేరు. కదంబం అనే ఓలియోకు మూలం కుండ, అందులో ఉడికే కలగూర అనే అర్థమున్న స్పానిష్ మాట. వాడ్‌విల్ అనే అమెరికా వినోద ప్రదర్శనల నాటకశాలల్లో వెనక రంగం మారుస్తుండగా తెర ముందు నడిపే పాటలకూ హాస్యానికీ, చివరికి ఆ తెరకూ అదే పేరు. మీ కేకులోది లాటిన్‌లో నూనె అనే మాట నుంచి వచ్చిన "ఓలియోమార్గరిన్"కు, అంటే వెన్నకు బదులుగా వాడే కొవ్వుకు, పొట్టి పేరు. 1869లో ఫ్రాన్సులో మెజ్ మూరియె పశువుల కొవ్వుతో దీన్ని మొదట చేశాడు. తర్వాత హైడ్రోజన్ పట్టించిన మొక్కల నూనెలు వచ్చాయి, పేరు మారలేదు. 1886 నాటి అమెరికా పన్ను చట్టం కూడా ఆ పేరే వాడింది.

మళ్లీ ప్రశ్న: అదే కాగితంలో "రంగు కలిపిన ఓలియో" అని ప్రత్యేకంగా ఎందుకు రాశారండీ?

జవాబు: అసలు కథ అక్కడే ఉంది. మార్గరిన్ సహజంగా తెలుపు. 1902 నుంచి పసుపు రంగు వేసి అమ్మితే పౌనుకు 10 సెంట్ల పన్ను, వేయకపోతే పావు సెంటు. చాలా రాష్ట్రాలు రంగునే నిషేధించాయి. అందుకని తెల్ల ముద్దతో పాటు రంగు పొట్లం విడిగా ఇచ్చేవారు. ఇంట్లో గిన్నెలో వేసి చెక్క గరిటెతో కలుపుకోవాలి. తర్వాత ప్లాస్టిక్ సంచీలు వచ్చాయి: లోపల రంగు గోళీ ఉంటుంది, దాన్ని చిదిమి సంచీని పిసకాలి. ముద్ద ముందే మెత్తబడాలి. ఐస్‌పెట్టెలోంచి తీసిన వెంటనే పిసికితే చారలు చారలుగా మిగులుతుంది. రంగు సమంగా పట్టాక మళ్లీ చల్లార్చి గట్టిపరచుకునేవారు.

ఇందులో అన్యాయం ఏమిటంటే, చలికాలంలో పాలిపోయిన వెన్నకు పాడివాళ్లు పసుపు రంగు వేసుకోవచ్చు! న్యూహాంప్‌షైర్ అయితే మార్గరిన్‌కు గులాబీ రంగు వేయాలంది. 1898లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కేంద్ర పన్ను 1950లో పోయింది, విస్కాన్సిన్‌లో రంగు నిషేధం 1967 దాకా సాగింది. గిరాకీ అడగకుండా హోటల్లో వెన్న బదులు రంగు మార్గరిన్ పెట్టకూడదన్న నియమం ఆ తర్వాత కూడా అక్కడి చట్టంలో ఉండిపోయింది.

ఇంకొకరు: డాల్డా అని రాస్తే మనవాళ్లకు సులువుగా అర్థమవుతుంది కదా?

జవాబు: అర్థమవుతుంది, కేకు చెడుతుంది. డాల్డాలో నీరు ఉండదు, మార్గరిన్‌లో సుమారు 80 శాతం కొవ్వు, మిగతాది దాదాపు నీరే. అక్కడ వెన్న పేరుతో మార్గరిన్, ఇక్కడ నెయ్యిలో డాల్డా: కల్తీ భయం మాత్రం రెండు చోట్లా ఒకటే. మన ప్రభుత్వం రంగు జోలికి పోకుండా వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె కలపాలంది. అలాంటి వనస్పతి కలిసిన నెయ్యి, నువ్వుల నూనెను పట్టించే బాడౌయిన్ పరీక్షలో గులాబీ రంగుకు తిరుగుతుంది.

కాబట్టి పదార్థాల జాబితాలో "మార్గరిన్" అనండి, వంటకంతో పాటు సంభాషణలేమైనా ఉంటే వాటిలో "ఓలియో" ఉంచండి. స్టిక్ అంటే పావు పౌను, 113 గ్రాములు, 8 టేబుల్ స్పూన్లు. డాల్డాతోనే చేయాలంటే 90 గ్రాములు తీసుకుని ఒకటిన్నర టేబుల్ స్పూన్ల పాలు చేర్చమనండి. రొట్టె మీద రాసుకునే తక్కువ కొవ్వు స్ప్రెడ్ వద్దని కూడా ఒక ముక్క రాయండి, దానిలో నీరు ఎక్కువై కేకు సరిగా పొంగదు.