మేనర్ కోర్టు ఊరిదా, దొరదా?

చరిత్రప్రియ: 13, 14 శతాబ్దాల ఇంగ్లండులో దొర ఎస్టేటులో (మేనర్) ఆయన పేరు మీద నడిచిన మేనర్ కోర్టు ఊరి పంచాయితీయా, దొర వసూళ్ల దుకాణమా? రెండూనంటూ దాటెయ్యకండి.

పాతదస్త్రం: ఊరిదే. దొర తరఫు అధికారి స్టీవర్డు పెద్దరికంగా కూర్చునేవాడు, తీర్పు చెప్పేది హాజరైన రైతులు. తప్పు తేలాక జరిమానా ఎంతో నిర్ణయించేది కూడా ప్రమాణం చేసిన ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లే, వాళ్లనే అఫీరర్లు అంటారు. ఆ అంకెను గుమాస్తా కోర్టు రికార్డులో, అంటే రోల్‌లో, పేరు పైన చిన్నగా రాసి, మార్జిన్‌లో ఎక్కించి, అడుగున మొత్తం కట్టేవాడు. మామూలుగా 2, 3, 6 పెన్నీలు. దోచుకునేవాడు 2 పెన్నీలతో ఊరుకుంటాడా?

నిప్పురవ్వ: అడుగున కట్టిన మొత్తం ఎవరి పెట్టెలోకి? తప్పులు బయటపెట్టాల్సిన ఊరివాళ్ల జ్యూరీ ఏదైనా దాచిందని తేలితే జ్యూరీ మొత్తానికీ జరిమానా పడేది. అదీ రోల్‌లోనే ఉంది, చదివారా?

సన్నకారు: 1300 ప్రాంతంలో కూలివాడికి రోజుకు పెన్నీన్నర వస్తే గొప్ప. 2 పెన్నీలు చిన్న మొత్తమేం కాదు.

పాతదస్త్రం: ఆ చిన్న జరిమానాల్లో చాలావరకు ఏల్ అనే బీరు కాచే ఆడవాళ్లవి. కోర్టు కోర్టుకూ అవే పేర్లు, ఇంచుమించు అదే రేటు. పేరుకే శిక్ష, నిజానికి లైసెన్సు ఫీజు. పక్కింటివాడు 5 షిల్లింగులు బాకీ పడితే రాజు కోర్టు రిట్టు (దావా ఉత్తర్వు) కొని ఎవడు తిరుగుతాడు? ఇక్కడ కొన్ని వారాలకోసారి ఊళ్లోనే కోర్టు.

నిప్పురవ్వ: మళ్లీ ఏల్ దగ్గరే ఆగారు. భూమి సంగతి చెప్పండి. విల్లీన్, అంటే దొరకు కట్టుబడ్డ రైతు, చనిపోతే మేలైన పశువు హెరియట్‌గా దొరకు. కొడుకు భూమిలో దిగాలంటే ఎంట్రీ ఫైన్. కూతురి పెళ్లికి మర్చెట్ అనే రుసుము. ఇంకొకరికి ఇవ్వాలన్నా భూమిని ముందు దొరకు అప్పగించాలి, అక్కడినుంచి కొత్తవాడికి. దొర మీద రాజు కోర్టుకు పోతే, వీడు నా విల్లీన్ అని నిరూపిస్తే చాలు, కేసు పోయినట్టే. 1381 రైతు తిరుగుబాటులో జనం కోర్టు రోల్స్ వెతికి మరీ తగలబెట్టింది లైసెన్సు ఫీజు బాధతోనా?

పాతదస్త్రం: ఏ చర్చలోనైనా మీకు 1381 తప్ప ఇంకేం దొరకదు. అదే రోల్ నకలు 15వ శతాబ్దంలో రైతుకు హక్కుపత్రం అయింది. ఆ నకలు మీద నడిచిన భూహక్కు, కాపీహోల్డ్, 1926 దాకా బతికింది.

నిప్పురవ్వ: అసలు మీరు ఊరు అంటున్నది ఎవర్ని? జ్యూరీలో కూర్చునే ఆ పన్నెండు మందినా?

సన్నకారు: ఇదీ అసలు తగాదా. ఇప్పటిదాకా ఇద్దరూ దొర చుట్టూ తిరిగారు. జ్యూరర్లు, అఫీరర్లు, దొర పొలం పనులు చూసే రీవ్, చాలా ఊళ్లలో అవే కుటుంబాలు, 15 నుంచి 30 ఎకరాలవాళ్లు. రెండు మూడెకరాల గుడిసెవాడు ఆ వరసలో అరుదు. పరిగె కట్టుబాటు చూడండి: రోజుకు పెన్నీ, తిండి ఇస్తే కోతకు పోగలిగినవాళ్లెవరూ పరిగె ఏరకూడదు. ఇది ఎవరికి లాభం?

పాతదస్త్రం: అది ఊరు చేసుకున్న కట్టుబాటు, దొర రుద్దింది కాదు. నా మాటే రుజువైంది.

నిప్పురవ్వ: దొర సొంత కమతంలో కోతకూ ఆ పెన్నీకే మనుషులు కావాలి. ఆయన ఎందుకు అడ్డుపడతాడు? జరిమానా కూడా ఆయనకే.

పాతదస్త్రం: సగం దొరకు, సగం ఊరి చర్చికి అని రాసినవీ ఉన్నాయి. ఆ సగం సంగతి చెప్పండి ముందు.