ఒకసారి కొన్న పాస్‌వర్డ్ మేనేజర్‌కి, బ్రౌజర్ మారిందని మళ్ళీ డబ్బు కట్టాలా?

తాళంగుత్తి:
నా కంప్యూటర్‌లో ఉన్న పాస్‌వర్డ్ మేనేజర్‌కి కొన్నేళ్ళ క్రితం ఒకేసారి డబ్బు కట్టి లైసెన్స్ తీసుకున్నాను. ఈమధ్య దాని ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌లో చేరి పాస్‌వర్డ్‌లు నింపే చిన్న ప్రోగ్రామ్, పనిచేయడం మానేసింది. క్రోమ్ అయితే ‘దీనికి ఇక సపోర్ట్ లేదు’ అని దాన్ని ఆపేసింది. ఫైర్‌ఫాక్స్‌లో ఐకాన్ ఉంది కానీ, నొక్కితే యాప్‌తో కనెక్ట్ కావడం లేదంటోంది. యాప్ మాత్రం బాగానే తెరుచుకుంటోంది, అందులో పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా ఉన్నాయి. కంపెనీకి రాస్తే ‘కొత్త వెర్షన్‌కి మారండి, దానికి ఏటా సబ్‌స్క్రిప్షన్ ఉంటుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మారింది బ్రౌజర్. యాప్ మారలేదు, నేనూ ఏమీ మార్చలేదు. మరి డబ్బు నేనెందుకు కట్టాలి?

కోడ్‌కాపరి:
ఎవరు కట్టాలన్నది తర్వాత చూద్దాం. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు, వాటిని కలిపేస్తే చర్చ దారి తప్పుతుంది.

ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నది బహుశా మీ అంతట మీరే సరిచేసుకోగలిగినది. ఎక్స్‌టెన్షన్ యాప్‌తో నేరుగా మాట్లాడలేదు, నేటివ్ మెసేజింగ్ అనే పద్ధతిలో బ్రౌజర్ మధ్యవర్తిగా ఉంటుంది. యాప్ తాలూకు ప్రోగ్రామ్ డిస్క్‌లో ఎక్కడుందో, ఏ ఎక్స్‌టెన్షన్‌కి దానితో మాట్లాడే అనుమతి ఉందో జేసన్ అనే పద్ధతిలో ఉండే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంటుంది. ఆ ఫైల్ పోయినా, అందులోని పాత్ తప్పినా మీరు చెప్పిన మెసేజే వస్తుంది. యాప్ సెట్టింగ్స్‌లో బ్రౌజర్ ఇంటిగ్రేషన్ లాంటిది ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే చాలా యాప్‌లు ఆ ఫైల్‌ని కొత్తగా రాస్తాయి. ఆ తర్వాత ట్యాబ్ మూస్తే చాలదు, బ్రౌజర్‌ని పూర్తిగా మూసి తెరవండి. లినక్స్ అయితే ఫైర్‌ఫాక్స్‌ని స్నాప్, ఫ్లాట్‌పాక్ అనే ప్యాకేజీల రూపంలో వేశారేమో చూడండి, ప్రోగ్రామ్‌ని మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే వాటి సాండ్‌బాక్స్ ఈ సంభాషణకి అడ్డుపడొచ్చు.

క్రోమ్ సంగతి వేరు. ఎక్స్‌టెన్షన్లు ఎలా రాయాలో చెప్పే పాత నియమాలైన మానిఫెస్ట్ వీ2 పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను గూగుల్ 2024లో ఆపడం మొదలుపెట్టి 2025లో పూర్తిగా ఆపేసింది. సెట్టింగ్స్ ఎంత తిప్పినా లాభం లేదు, ఎవరో ఒకరు కూర్చుని కొత్త పద్ధతి వీ3కి తిరగరాయాలి. వీ2లో ఎక్స్‌టెన్షన్ వెనకాల ఒక పేజీ ఎప్పుడూ నడుస్తూ ఉండేది. వీ3లో దాని బదులు సర్వీస్ వర్కర్ అనే, అవసరమైనప్పుడే లేచే కోడ్ వచ్చింది, మామూలుగా 30 సెకన్లు పని లేకపోతే ఆగిపోతుంది. వాల్ట్ (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) అన్‌లాక్ అయి ఉందన్న సమాచారం ఎక్కడ దాచాలన్న దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ ఆలోచించుకోవాలి. అది ఊరికే అయ్యే పని కాదు.

ఇంకొక్కటి. తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేముందు బ్యాకప్ తీసుకోండి. సీఎస్‌వీగా, అంటే మామూలు టెక్స్ట్ పట్టికగా, ఎక్స్‌పోర్ట్ చేస్తే అందులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. పని కాగానే ఆ ఫైల్‌ని చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.

మూడోగది:
అంత శ్రమ దేనికండీ? యాప్ తెరిచి పాస్‌వర్డ్ కాపీ చేసి పేస్ట్ చేసుకోవచ్చు కదా. ఎక్స్‌టెన్షన్ అనేది సౌకర్యం. సౌకర్యం కావాలంటే కట్టండి, లేదంటే లేదు.

నిలకడ:
మూడోగది గారూ, ఈ మాట ఒప్పుకోలేను. ఎక్స్‌టెన్షన్ చేసే అసలు పని టైపింగ్ తగ్గించడం కాదు, అడ్రస్ సరిచూడడం. మీ బ్యాంక్ సైట్‌ని అచ్చుగుద్దినట్టు తయారుచేసిన దొంగ పేజీలో మీ కన్ను మోసపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ మాత్రం డొమైన్ చూస్తుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా పాస్‌వర్డ్ ఇవ్వజూపదు. చేత్తో పేస్ట్ చేసేటప్పుడు ఆ కాపలా ఉండదు. పైగా క్లిప్‌బోర్డ్‌లో ఉన్నదాన్ని వేరే ప్రోగ్రామ్‌లు కూడా చదవగలవు. అంటే ఎక్స్‌టెన్షన్ లేకపోతే కొన్న వస్తువులో సగం లేనట్టే. అందుకే నేను తాళంగుత్తి గారి పక్షం. ఎన్నేళ్ళు చూసుకుంటారో అమ్మేటప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పనప్పుడు, పాత వెర్షన్ కొన్నవాళ్ళకి కనీసం ఎక్స్‌టెన్షన్ వరకైనా సరిచేసి ఇవ్వాలి.

కోడ్‌కాపరి:
ముందే చెప్పాలన్నది వంద శాతం నిజం. కానీ బ్రౌజర్లు ఇలా మారడం ఇదే మొదలు కాదు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతి యాడ్‌ఆన్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. 2019లో సఫారీ 13 కూడా అంతే చేసింది. ఇంకో మార్పు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రతిసారీ పని చేసేవాళ్ళకి జీతం ఎప్పుడో ఒకసారి కట్టిన లైసెన్స్ డబ్బులోంచే రావాలంటే, కొత్తవాళ్ళు కొనడం ఆగిన రోజున పాతవాళ్ళకి లోపాలు సరిచేసే ప్యాచ్‌లూ ఆగుతాయి. భద్రతకి సంబంధించిన సాఫ్ట్‌వేర్‌కి అంతకన్నా ప్రమాదం ఏముంది? 2025 ఆగస్టులో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో చూపించిన క్లిక్‌జాకింగ్ (కనబడని బటన్ మీద మనచేత నొక్కించే మోసం) లోపం గుర్తుందా? పేరున్న పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్స్‌టెన్షన్లు చాలావాటిలో అది బయటపడింది. నిర్వహించేవాళ్ళు ఉన్నారు కాబట్టే వాటిలో ఎన్నో త్వరగా సరిచేశారు. వదిలేసిన పాత ఎక్స్‌టెన్షన్‌ని సరిచేసే నాథుడెవరు?

నిలకడ:
డబ్బు కడితే భద్రత వస్తుందన్న లెక్క కుదరదండీ. లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌కి డబ్బు కట్టేవాళ్ళు బోలెడు. అయినా 2022లో కస్టమర్ల వాల్ట్ బ్యాకప్‌లు దొంగల చేతికి వెళ్ళాయి. అందులో సైట్ల అడ్రస్‌లు ఎన్‌క్రిప్ట్ కూడా కాలేదు. మరోవైపు కీపాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ 2003 నుంచి ఉచితంగానే ఉంది. కీపాస్‌ఎక్స్‌సీ కూడా ఉచితమే, దానికి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది.

కోడ్‌కాపరి:
డబ్బు కడితే చాలని నేననలేదు. కట్టకపోతే ఎవరో ఒకరు ఖాళీ సమయం ఇచ్చి మోయాల్సిందే అంటున్నాను. సైట్లతో మన సంభాషణని ఎన్‌క్రిప్ట్ చేసే, సగం ఇంటర్నెట్ ఆధారపడ్డ ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని గుప్పెడుమంది మోశారని 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడ్డాక గానీ జనానికి తెలియలేదు. ఉచితమైనది వాడుకుంటున్నాం అనుకుంటే కనీసం విరాళమైనా ఇద్దాం.

తాళంగుత్తి:
ఫైర్‌ఫాక్స్ దారిలో పడింది. ఇంటిగ్రేషన్ ఆఫ్ చేసి ఆన్ చేశాక, బ్రౌజర్ మూసి తెరిస్తే కనెక్ట్ అయింది. ధన్యవాదాలు కోడ్‌కాపరి గారూ. క్రోమ్‌లో మాత్రం అలాగే ఉంది.

ఇంతా చదివాక నా అభ్యంతరం ఎక్కడుందో ఇప్పుడు తేటగా చెప్పగలను. తిరగరాసిన పనికి డబ్బు అడగడం తప్పు కాదు, ఒకసారి కట్టే అప్‌గ్రేడ్ అయితే ఈరోజే కట్టేవాణ్ణి. ఏటా కట్టడమే నాకు టెన్షన్. ఏదో ఒక ఏడాది కట్టలేకపోతే నా పాస్‌వర్డ్‌లు నాకే అందకుండా పోతాయా?

కోడ్‌కాపరి:
అది డబ్బు కట్టకముందే కంపెనీని అడగాల్సిన ప్రశ్న. గడువు దాటాక కొత్తవి చేర్చనివ్వకపోయినా ఉన్నవి చూడనిచ్చి, ఎక్స్‌పోర్ట్ చేసుకోనిస్తే సమంజసమే. ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పమనండి. చెప్పకపోతే నేనూ కట్టమనను.

నిలకడ:
ఇక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తాను. పాత కొనుగోలుదారులకి రాయితీ ఏమైనా ఉందేమో కూడా అదే మెయిల్‌లో అడగండి. ఎక్స్‌టెన్షన్ వాళ్ళే సరిచేసి ఇవ్వాలన్న మాట మీద మాత్రం నేను ఇంకా ఉన్నాను.