షవర్‌లో నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి, గీజర్ మార్చాలా?

నిజాంపేట్_వాణి:
నమస్తే అండి అందరికీ. మాది అపార్ట్‌మెంట్, ఇంటికంతా 25 లీటర్ల గీజర్ ఒకటే, కామన్ బాత్రూమ్‌లో పైన బిగించి ఉంటుంది, అక్కణ్ణించే పైపు మా బెడ్రూమ్ బాత్రూమ్‌కి కూడా వస్తుంది. దసరా సెలవుల్లో కామన్ బాత్రూమ్‌లో పాత ట్యాపులు తీసేసి వేడి, చల్ల నీళ్లు కలిపి ఇచ్చే కొత్త మిక్సర్, పిల్లల కోసం హ్యాండ్ షవర్ పెట్టించాం. అప్పట్నుంచో ఈ చలి మొదలయ్యాకో సరిగ్గా చెప్పలేను కానీ మా షవర్‌లో వేడి రావట్లేదు, వేడి నాబ్ మొత్తం తిప్పేసి చల్లది పూర్తిగా కట్టేసినా గోరువెచ్చగానే వస్తున్నాయి. గీజర్ లైటు మాత్రం ఎప్పట్లాగే అరగంట దాటాక ఆరిపోతోంది, కింద అవుట్‌లెట్ పైపు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ప్లంబర్ చూసి పాతదైపోయింది కొత్తది తీసుకోండి అన్నాడు, ఎలక్ట్రీషియనేమో థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు ఆపేది) పోయింది అంటున్నాడు. మామయ్యగారు మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పులు, చన్నీళ్లు అస్సలు పనికిరావు, రోజూ పొద్దున్నే స్టవ్ మీద కాచి ఇస్తున్నాను. డబ్బులు పెట్టే ముందు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బోరునీళ్ల_బాధితుడు:
వాణి గారూ మీది బోరు నీళ్లే అయితే ముందు కాయిల్ చూపించండి. మా ఏరియాలో రెండేళ్లకోసారి విప్పితే కాయిల్ మీద తెల్లగా సున్నంలాగా గట్టిగా పేరుకుని ఉంటుంది, ఆ పొర ఉంటే వేడి నీళ్లకి త్వరగా ఎక్కదు, గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు లోపల చిటపట శబ్దం వస్తుంది, లైటు ఆరడానికి చాలా టైం పడుతుంది. విప్పించేటప్పుడు ఒట్టి స్విచ్ కాదు, బోర్డులో ఆ లైనుకి కరెంటు మొత్తం ఆపే ఎంసీబీ కూడా దింపేయండి.

పైపులైను_రాజు:
అన్నా నువ్వు చెప్పింది కరెక్టే కానీ ఈవిడ కేసు అది కాదేమో. లైటు టైముకి ఆరుతోంది, అవుట్‌లెట్ కాలుతోంది అంటే గీజర్ దాని పని అది చేస్తోంది, 2 కిలోవాట్ల కాయిల్‌కి 25 లీటర్లని 20 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 35 నిమిషాలు పడుతుంది, లెక్క సరిపోయింది. వేడి నీళ్లు తయారవుతున్నాయి, మధ్య దారిలో ఎక్కడో చన్నీళ్లు కలుస్తున్నాయి. అక్కా ఒక టెస్ట్ చెయ్యండి, పైసా ఖర్చు లేదు. ముందు గీజర్ స్విచ్ ఆఫ్ చెయ్యండి, ఇది మర్చిపోవద్దు. తర్వాత గీజర్‌కి చన్నీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ పూర్తిగా కట్టేసి మీ బాత్రూమ్‌లో వేడి నాబ్ ఒక్కటే తిప్పండి. లోపలికి నీళ్లు వెళ్తేనే గీజర్ నుంచి బయటికి వస్తాయి కాబట్టి కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధారగా వస్తూనే ఉంటే అవి గీజర్ నీళ్లు కావు, చల్ల లైను నుంచి ఏదో ఒక మిక్సర్‌లోంచి వేడి లైన్లోకి దూరుతున్నాయన్నమాట. నా అనుమానం ఆ కొత్త హ్యాండ్ షవర్ మీదే. దాని చివర నొక్కే బటన్ ఉంటే పిల్లలు బటన్ వదిలేసి నాబ్‌లు రెండూ తెరిచే వదిలేస్తారు, నీళ్లు ఆగాయి కాబట్టి కట్టేశాం అనుకుంటారు, లోపల మాత్రం వేడి లైను చల్ల లైను కలిసిపోయి ఉంటాయి, చల్ల వైపు ప్రెషర్ ఎక్కువుంటే అది వేడి లైన్లోకి తోసేస్తుంది.

ఎల్బీనగర్_సూరి:
మా అపార్ట్‌మెంట్‌లో ప్రెషర్ పంప్ పెట్టాక మాకూ ఇదే గొడవ, మాది ఒకే పిడి ఉండే సింగిల్ లీవర్ మిక్సర్, అందులో నీళ్లని కలిపే, ఆపే కార్ట్రిడ్జ్ అరిగిపోయి కట్టేసినా లోపల లీక్ అయ్యేది. కార్ట్రిడ్జ్ ఒక్కటి మారిస్తే సరిపోయింది. గీజర్ మార్చమన్నవాళ్లని నమ్మకండి అక్కా.

నిజాంపేట్_వాణి:
రాజు గారూ, చేశానండి. స్విచ్ ఆపి కాక్ కట్టేశాక కూడా మా షవర్‌లో నీళ్లు ఆగలేదు, చల్లగా వస్తూనే ఉన్నాయి. కామన్ బాత్రూమ్‌కి వెళ్లి చూస్తే మిక్సర్ రెండు నాబ్‌లూ తెరిచే ఉన్నాయి, హ్యాండ్ షవర్ హుక్కుకి వేలాడుతోంది, చివర బటన్ దగ్గర ఒక్కో బొట్టు పడుతోంది. నాబ్‌లు కట్టేయగానే ఇక్కడ ధార ఆగిపోయింది! మళ్లీ కాక్ తెరిచి, షవర్‌లో ధార వచ్చాక గీజర్ వేశాను, పొగలొచ్చే నీళ్లు వచ్చాయి. చాలా చాలా థాంక్స్. కానీ పిల్లలు రోజూ గుర్తుపెట్టుకుని కట్టేస్తారా అన్నదే డౌటు, దీనికి పర్మనెంట్‌గా ఏమైనా ఉందా?

పైపులైను_రాజు:
ఉందక్కా. ఆ మిక్సర్‌కి వేడి, చల్ల రెండు కనెక్షన్ల దగ్గరా ఎన్‌ఆర్‌వీ వేయించండి, నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వ్, హార్డ్‌వేర్ షాపులో అరంగుళంది అడిగితే ఇస్తారు, ఇత్తడిది తీసుకోండి. బిగించేటప్పుడు దాని మీద బాణం గుర్తు మిక్సర్ వైపు ఉండాలి, తిప్పి పెడితే నీళ్లే రావు. అదయ్యేదాకా నాబ్‌లు కట్టేయడమే. ఇంకో మాట, ఇన్నాళ్లూ మీ ఇంట్లో అందరికీ వేడి నాబ్ పూర్తిగా తిప్పడం అలవాటైపోయి ఉంటుంది, ఇప్పుడు అలాగే తిప్పి కింద నిలబడితే ఒళ్లు కాలుతుంది. థర్మోస్టాట్ 50 దగ్గర పెట్టించండి, మామయ్యగారిని ముందు చల్లది తిప్పి తర్వాత వేడి కలుపుకోమనండి.